డగౌట్‌లో కూసున్నోళ్ల తప్పుకు ఎవరికి ఎంత కోత

మొన్న ఒక సెలవు రోజు మా రూంలో పెద్ద లొల్లి అయింది. ఆరుగురం ఉంటం. పాత ఐపీఎల్ క్లిప్పులు చూస్తుంటే 2022ల ఢిల్లీ అసిస్టెంట్ కోచ్ ప్రవీణ్ ఆమ్రే గ్రౌండులకు పోయిన క్లిప్పు వచ్చింది. కామారెడ్డి అన్న ఊకుంటడా. "ఈయనకు ఒక మ్యాచ్ బ్యాన్ చేసిన్రు. అదే ధోని పోతే ఏం చేసిన్రు?" అన్నడు. అంతే, వండిన అన్నం చల్లారింది గానీ లొల్లి చల్లారలేదు.

అప్పటి సంది డ్యూటీ అయినంక కూసొని పాత వార్తలు వెతికినం. ఇంగ్లీషు ఎక్కడ అడ్డం పడ్డా మా రూంల డిగ్రీ చదివిన చిన్నోడు చదివి చెప్పిండు. టైపు చేసేది పదో తరగతి చదివిన సూపర్‌వైజర్, కాబట్టి అక్షరాలు తప్పు పోతే మన్నించండి. పోస్టు పెద్దగనే ఉంటది.

ముందుగాల ఈ డగౌట్ ఎక్కడి నుంచి వచ్చిందో చెప్పాలె, ఎందుకంటే ఇది మా పని లాంటి ముచ్చటే. స్కాట్లాండ్‌లో అబర్డీన్ అని ఒక ఫుట్‌బాల్ క్లబ్బు. వాళ్ల గ్రౌండు పేరు పిటోడ్రీ. 1930ల కాలంలో అక్కడ డొనాల్డ్ కోల్మన్ అని ట్రైనర్ ఉండె. ఆటగాళ్ల కాళ్లు ఎట్ల కదులుతున్నయో దగ్గర నుంచి చూడాలని ఆయన పట్టుదల. నిలబడి చూస్తే కాళ్లు సరిగ్గ కనబడవు, నేలకు సమానంగ కన్ను ఉండాలె. అందుకని లైను పక్కన నేలలోకి దింపి, పైన కప్పు వేసి, కూసునే జాగ కట్టించుకున్నడు. తవ్వకం పని చేసి కట్టింది కాబట్టే దానికి డగౌట్ అని పేరు. అంటే అది మొదట్ల ఆట మంచిగ చూసేటందుకు కట్టిన గుంత, కొట్లాడేటందుకు కాదు.

తర్వాత దాంట్లకు మంది పెరిగిన్రు. అసిస్టెంట్ కోచ్, బౌలింగ్ కోచ్, ఫిజియో, మసాజ్ చేసేటోడు, వీడియో చూసేటోడు, సెక్యూరిటీ. ఫుట్‌బాల్‌లో 1990ల్లో గీతలు గీసి టెక్నికల్ ఏరియా అని పెట్టిన్రు. కుర్చీలకు రెండు దిక్కుల ఒక్కొక్క మీటరు, ముందటికి టచ్‌లైన్‌కు ఒక మీటరు దూరం దాక. మేము కూడా సైటుల క్రేన్ కింద ఇట్లనే కొలిచి ఎర్ర టేపు కడతం. గీత గీసుడు ఎవరికైనా వస్తది. గీత దాటినోడు ఎవరో చూసి శిక్ష మారుతదా అన్నదే మా లొల్లి.

ఇగ ఐపీఎల్‌కు వస్తం. మొదటి సీజన్‌లోనే బెంచీ మీదోళ్లకు కోత మొదలైంది, చాన మందికి ఇది యాది లేదు. 2008 ఏప్రిల్ 25, మొహాలీ. హర్భజన్ శ్రీశాంత్‌ను చెంప మీద కొట్టిండు. హర్భజన్‌కు మిగిలిన సీజన్ మొత్తం బ్యాన్. ఇది అందరికీ ఎరుకే. అదే తీర్పులో ముంబై ఇండియన్స్ కోచ్ లాల్‌చంద్ రాజ్‌పుత్‌కు కూడా మ్యాచ్ ఫీజులో 50 శాతం కోసిన్రు. ఆయన ఎవరినీ కొట్టలేదు, తిట్టలేదు. తన మనిషిని ఆపకపోవుడే ఆయన తప్పు. ఈ సంగతి చదివినప్పుడు రూంల ఎవరూ ఏమనలేదు. దీని దగ్గరికి మళ్లొస్తం.

2019 ఏప్రిల్ 11, జైపూర్. చెన్నై, రాజస్థాన్ మ్యాచ్, ఆఖరి ఓవర్ బెన్ స్టోక్స్ వేస్తున్నడు. ధోని అదే ఓవర్లో 58 కొట్టి అవుటై బయటికి పోయిండు. తర్వాతి బంతికి ఒక అంపైర్ నో బాల్ అన్నట్టు చెయ్యి లేపిండు, ఇంకో అంపైర్ కాదన్నడు. ధోని డగౌట్ నుంచి నేరుగ లోపలికి నడిచి పోయి అంపైర్లతోని వాదించిండు. అంత శాంతంగ ఉండే మనిషి అట్ల పోవుడు చూసి మేమే నోరు తెరిచినం. ఆఖరి బంతికి శాంట్నర్ సిక్సర్ కొట్టి చెన్నై గెలిచింది. ధోనికి శిక్ష మ్యాచ్ ఫీజులో 50 శాతం. బ్యాన్ లేదు. తర్వాతి మ్యాచ్ ఆడొచ్చు.

2022 ఏప్రిల్ 22, వాంఖడే. రాజస్థాన్ 222 కొట్టింది, బట్లర్‌ది సెంచరీ. ఢిల్లీకి ఆఖరి ఓవర్లో 36 కావాలె, అంటే ఆరు బంతులకు ఆరు సిక్సర్లు. రోవ్‌మన్ పావెల్ మొదటి మూడు బంతులు మూడూ సిక్సర్లే కొట్టిండు. ఆ మూడోది ఫుల్ టాస్, నడుము మీదికి వచ్చినట్టే కనబడ్డది. అంపైర్లు నో బాల్ ఇయ్యలేదు, థర్డ్ అంపైర్‌ను అడగలేదు. కెప్టెన్ రిషభ్ పంత్ బౌండరీ కాడ నిలబడి బ్యాటర్లను బయటికి రమ్మని చెయ్యి ఊపిండు. ఆమ్రే గ్రౌండులకు పోయి అంపైర్‌తోని మాట్లాడిండు. ఆ రోజు హెడ్ కోచ్ పాంటింగ్ డగౌట్‌లో లేడు, ఇంట్లోళ్లకు కరోనా వచ్చి ఐసొలేషన్‌లో ఉన్నడు. ఢిల్లీ 15 పరుగులతోని ఓడిపోయింది.

శిక్షలు చూడండి. పంత్‌కు 100 శాతం ఫీజు కోత. శార్దూల్ ఠాకూర్‌కు 50 శాతం. ఆమ్రేకు 100 శాతం కోత, పైకెళ్లి ఒక మ్యాచ్ బ్యాన్. టీమును బయటికి రమ్మని పిలిచిన కెప్టెన్ తర్వాతి మ్యాచ్ ఆడిండు. లోపలికి పోయిన అసిస్టెంట్ డగౌట్‌కే రావద్దన్నరు. మ్యాచ్ అయినంక పంత్ కూడా మనిషిని పంపుడు సరి కాదనే ఒప్పుకున్నడు, కాకపోతే తమకు జరిగింది కూడా సరి కాదన్నడు.

ఇక్కడ జగిత్యాల బావ అడ్డం తగిలిండు. "ధోని ఆ మ్యాచ్ ఆడే పదకొండు మందిలో ఒకడు. ఆమ్రే ఆటగాడే కాదు. ఇద్దరిదీ ఒక్కటి ఎట్లయితది?" అన్నడు. ఈ మాటల న్యాయం ఉన్నది, కాదనం. రూల్ బుక్కులో కూడా ఇద్దరి మీద పెట్టిన సెక్షన్లు వేరు. కానీ రెండూ లెవెల్ 2 కిందికే వచ్చినయ్. అవుటైన బ్యాటర్‌కు కూడా మళ్లీ లోపలికి పోయే హక్కు లేదు. సరే, ఆటగాడు వేరు స్టాఫ్ వేరు అనుకుందాం. మరి స్టాఫ్‌కు స్టాఫ్‌ను పెట్టి చూద్దాం.

2023 మే 1, లక్నో. మ్యాచ్ అయిపోయి చేతులు కలిపే టైంల కోహ్లీ, గంభీర్ ఒకరి మీదికొకరు పోయిన్రు. గంభీర్ అప్పుడు ఆటగాడు కాదు, లక్నో మెంటార్. అంటే ఆమ్రే లెక్క స్టాఫే. ఆయనకు 100 శాతం కోత, కోహ్లీకి 100 శాతం, నవీన్ ఉల్ హక్‌కు 50 శాతం. బ్యాన్ ఎవరికీ లేదు. ఆమ్రే నో బాల్ ముచ్చట అడగనీకి పోయిండు, ఎవరి మీదికీ పోలేదు. ఆయన చేసింది ఒప్పు అంటలేం. ఆట నడిచేటప్పుడు బయటోడు లోపలికి పోతే ఆట ఆగుతది, అది తప్పే. కానీ ఒక మ్యాచ్ బ్యాన్ అనే బరువు ఈయన నెత్తి మీదనే ఎందుకు పడ్డదంటే మాకు ఒక్కటే కనబడ్డది. ఆమ్రే కూడా ఇండియాకు ఆడినాయనే, మొదటి టెస్టులోనే సెంచరీ కొట్టినాయన. కానీ ఇయ్యాల ఆయన మొహం చూడనీకి టికెట్ కొనేటోడు లేడు. ఆయన ఒక మ్యాచ్ రాకపోతే టీవీకి నష్టం లేదు, లీగుకు నష్టం లేదు. శిక్ష గట్టిగ వేసినం అని పేరు మాత్రం వస్తది.

ఇంకో మాట. తర్వాతి సీజన్ 2023 నుంచి నడుము ఎత్తు నో బాల్ మీద, వైడ్ మీద కూడా రివ్యూ తీసుకోవచ్చని రూలు మార్చిన్రు. అంటే ఆ రోజు ఢిల్లీ వాళ్లు అడిగిన దాంట్ల కొంత న్యాయం ఉన్నదని ఒప్పుకున్నట్టే గదా. కొత్త రూలు వస్తే కొత్త తప్పు కూడా వస్తది. 2024 ఏప్రిల్‌ల పంజాబ్ మీద మ్యాచ్‌ల ముంబై డగౌట్ నుంచి వైడ్‌కు రివ్యూ తీసుకొమ్మని సూర్యకుమార్‌కు సైగ చేసిన్రని టిమ్ డేవిడ్‌కు, బ్యాటింగ్ కోచ్ పొలార్డ్‌కు చెరి 20 శాతం కోసిన్రు. ఆటగాడికీ కోచ్‌కూ సమానం. ఇది మాకు నచ్చింది. 2025ల డీమెరిట్ పాయింట్ల లెక్క కూడా తెచ్చిన్రు. ఆ ఏడు ఢిల్లీ బౌలింగ్ కోచ్ మునాఫ్ పటేల్ ఫోర్త్ అంపైర్‌తోని వాదించినందుకు 25 శాతం, ఒక డీమెరిట్ పాయింట్ పడ్డది. లెక్క కాయితం మీద ఉంటే కొంచెం నయం.

ఇప్పుడు మా సైటు ముచ్చట ఒకటి చెప్పాలె. ఏ కంపెనీ, ఏ సైటు అని అడగకండి.

రెండేండ్ల కింద టవర్ పని నడుస్తున్నది. క్రేన్ కింద ఎర్ర టేపు కట్టినం, లోడ్ పైన ఉండంగ ఎవరూ దాటొద్దు. ఒక ఇంజనీర్ సారు ఫోన్ మాట్లాడుకుంట టేపు లేపి కింది నుంచి దాటి పోయిండు. పది నిమిషాలకు నీళ్ల క్యాన్లు మోసే హెల్పర్ పిల్లగాడు, మన సిరిసిల్ల దిక్కోడు, అదే టేపు అదే జాగల దాటిండు. సేఫ్టీ ఆఫీసర్ హెల్పర్‌ను ఫోటో తీసిండు. పిల్లగానికి వార్నింగ్ లెటర్, మూడు రోజుల జీతం కోత. సారు పేరు ఎక్కడ రాలేదు, అందరికీ కలిపి జాగ్రత్తగ ఉండమని ఒక మెయిల్ మాత్రం వచ్చింది. ఇక్కడి చట్టం ప్రకారం నెలకు ఐదు రోజుల జీతం దాక కోయొచ్చు, కాబట్టి కాయితం మీద తప్పేం లేదు. కోసే ముందు ఆ మనిషి మాట వినాలని కూడా చట్టంలనే ఉన్నది.

లెటర్ మీద సాక్షి సంతకం మాది. ఇద్దరు దాటుడూ చూసినం. పిల్లగాడు అడిగిండు, "అన్నా, సారు కూడా పోయిండు గదా, మీరు అక్కడనే ఉన్నరు గదా?" అని. "సారు ముచ్చట నీకెందుకురా, సంతకం పెట్టు" అన్నం. పెట్టిండు.

సరే. అమెరికా ఆట దగ్గరికి పోదాం. అక్కడ గుడ్డు లాంటి బంతి పట్టుకొని ఉరికే ఆట ఉంటది, ఫుట్‌బాల్ అనే అంటరు. లీగు పేరు ఎన్ఎఫ్ఎల్. కామారెడ్డి అన్న మేనల్లుడు డల్లాస్‌లో ఉంటడు, మా లొల్లి విని రెండు క్లిప్పులు పంపిండు.

మొదటిది 2010 డిసెంబర్ 12. న్యూయార్క్ జెట్స్, మయామి డాల్ఫిన్స్ మ్యాచ్. జెట్స్‌లో సాల్ అలోసి అని కసరత్తు చేయించే కోచ్. లైను పక్కన మయామి ఆటగాడు నోలన్ క్యారొల్ ఉరుకుతుంటే మోకాలు ముందటికి పెట్టి పడగొట్టిండు. వీడియోల సాఫ్ కనబడ్తది. క్లబ్బు ఆయనను సీజన్ అయిపోయేదాక జీతం లేకుండ పక్కన పెట్టి 25,000 డాలర్లు ఫైన్ వేసింది. రెండు రోజులు కాలేదు, ఆ రోజు ఆడని జెట్స్ ఆటగాళ్లను గోడ లెక్క వరుసగ నిలబడమని చెప్పింది కూడా తనే అని ఒప్పుకున్నడు. అప్పుడు గడువు లేకుండ సస్పెండ్ చేసిన్రు. లీగు క్లబ్బుకు లక్ష డాలర్ల ఫైన్ వేసింది. తర్వాతి జనవరిల ఆయన రాజీనామా చేసిండు. వరుసల నిలబడ్డది ఒక్కడు కాదు, ఉద్యోగం పోయింది మాత్రం ఒక్కాయనకే.

రెండోది 2013 నవంబర్ 28. పిట్స్‌బర్గ్ స్టీలర్స్ హెడ్ కోచ్ మైక్ టామ్లిన్. బాల్టిమోర్ ఆటగాడు జాకోబీ జోన్స్ బంతి పట్టుకొని లైను పక్కనుంచే ఉరికి వస్తున్నడు, ముందట అడ్డం లేదు. టామ్లిన్ నిలబడొద్దన్న తెల్ల పట్టీ మీద వీపు తిప్పి నిలబడి, ఒక కాలు గ్రౌండులకు వేసిండు. జోన్స్ తప్పుకొని పక్కకు జరిగిండు, 73 గజాల కాడ దొరికిపోయిండు. టామ్లిన్‌కు లక్ష డాలర్లు ఫైన్. మా లెక్కల 3 లక్షల 67 వేల దిర్హాములు. సస్పెన్షన్ ఒక్క మ్యాచ్ కూడా లేదు.

ఇందులో ఒక తేడా చెప్పకపోతే మేమే అన్యాయం చేసినట్టు. అలోసి మనిషిని నిజంగ పడగొట్టిండు, టామ్లిన్ కాలు ఎవరికీ తగలలేదు. తెలిసి చేయలేదనే టామ్లిన్ చెప్పుకున్నడు. పైగా అలోసిని సస్పెండ్ చేసింది లీగు కాదు, సొంత క్లబ్బు. మా చిన్నోడు దీన్నే పట్టుకున్నడు. "అన్నా, చిన్న పనోడిని క్లబ్బే తీసేస్తది, లీగు దాక రానియ్యది. పెద్ద కోచ్‌ను క్లబ్బు ముట్టదు, అందుకే లీగు ఫైన్‌తోని అయిపోతది" అన్నడు. మేము రెండు వారాలు వెతికి పట్టలేనిది పిల్లగాడు ఒక్క మాటల చెప్పిండు.

పెద్దోళ్లను అసలే ముట్టరా అంటే అదీ కాదు. అదే ఎన్ఎఫ్ఎల్ 2012ల న్యూ ఆర్లీన్స్ హెడ్ కోచ్ షాన్ పేటన్‌ను మొత్తం సీజన్ జీతం లేకుండ కూసోబెట్టింది. ఎదుటోళ్లకు దెబ్బలు తగిలేటట్టు ఆడితే పైసలు ఇచ్చే పద్ధతి ఆ టీముల నడిచిందని. అది లైను పక్కన తప్పు కాదు, కాబట్టి ఎక్కువ రాస్తలేం.

2023 డిసెంబర్ 3 ముచ్చట మాత్రం రాయాలె, ఎందుకంటే అందులో లెక్క ఉల్టా ఉన్నది. ఫిలడెల్ఫియా ఈగల్స్ సెక్యూరిటీ పెద్ద డామ్ డిశాండ్రో, శాన్ ఫ్రాన్సిస్కో ఆటగాడు డ్రే గ్రీన్లా లైను కాడ గొడవ పడ్డరు. గ్రీన్లా చెయ్యి ఆయన మొహం మీదికి పోయింది. ఇద్దరినీ బయటికి పంపిన్రు. సమానం అనిపిస్తది. కానీ ఒక టీముకు అసలు ఆటగాడే పోయిండు, ఇంకో టీముకు పోయింది బంతి ముట్టని మనిషి. శాన్ ఫ్రాన్సిస్కో 42-19 తోని గెలిచింది కాబట్టి సరిపోయింది, ఓడిపోతే ఎంత లొల్లి అవునో. డిశాండ్రోను రెగ్యులర్ సీజన్ అయిపోయేదాక లైను పక్కకు రానియ్యలేదు. అంటే స్టాఫ్‌కు శిక్ష తక్కువైతే కూడా ఎదుటి టీముకు అన్యాయమే. ఇది మా రూంల ఎవరికీ ముందు తట్టలేదు.

ఫుట్‌బాల్‌ల మొదట్ల పెద్దోళ్లకు నవ్వొచ్చే శిక్షలు ఉండె. 2011 ఆగస్టు 17, బార్సిలోనా గ్రౌండు. రియల్ మాడ్రిడ్ కోచ్ మౌరినో వెనక నుంచి పోయి బార్సిలోనా అసిస్టెంట్ కోచ్ టిటో విలనోవా కంట్లో వేలు పెట్టిండు. విలనోవా తిరిగి కొట్టిండు. మౌరినోకు రెండు మ్యాచులు, అది కూడా ఆ సూపర్ కప్ మ్యాచులకే, 600 యూరోల ఫైన్. విలనోవాకు ఒక మ్యాచ్. తర్వాతి సంవత్సరం ఫెడరేషన్ ప్రెసిడెంట్ ఇద్దరికీ మాఫీ చేసిండు, ఒక్క రోజు కూడా అనుభవించలేదు. కంట్లో వేలికి 600 యూరోలు! మూడేండ్లకు ఇంగ్లండ్‌ల కొంచెం గట్టిపడ్డరు. 2014 మార్చి 1న న్యూకాజిల్ మేనేజర్ అలన్ పార్డ్యూ హల్ ఆటగాడు డేవిడ్ మెయ్లర్‌కు తల తగిలించిండు. ఏడు మ్యాచుల శిక్ష, అందులో మొదటి మూడింటికి స్టేడియంలకే రావద్దు. 60,000 పౌండ్ల ఫైన్, క్లబ్బు వేసిన లక్ష పౌండ్లు వేరే.

అసలు మార్పు 2019ల వచ్చింది. ఎల్లో కార్డు, రెడ్ కార్డు 1970 వరల్డ్ కప్ సంది ఉన్నయ్, కానీ ఆటగాళ్లకే. 49 ఏండ్లకు బెంచీ మీదోళ్లకు కూడా కార్డు చూపొచ్చని రూలు రాసిన్రు. అంతకుముందు రెఫరీ పోయి నోటితోని చెప్పి పంపేటోడు. ఈ రూలుల ఒక ముక్క ఉన్నది. బెంచీ నుంచి ఎవరో తప్పు చేసిన్రు, ఎవరో తెలుస్తలేదు. అప్పుడు ఆ కార్డు అక్కడున్న పెద్ద కోచ్‌కే. ఇంకో ముక్క, డాక్టర్ రెడ్ కార్డు తప్పు చేసినా టీముకు వేరే డాక్టర్ లేకపోతే ఆయనను ఉంచొచ్చు. ఆటగాడికి దెబ్బ తగిలితే చూసేటోడు ఉండాలె గదా. రూలు రాసినోళ్లు సైటు చూసినోళ్ల లెక్క రాసిన్రు.

ఆ పెద్ద కోచ్ ముక్క చదివినంక కామారెడ్డి అన్న మా దిక్కు చూసిండు. ఏం అనలేదు. 2008ల రాజ్‌పుత్‌కు చూస్తూ ఊకున్నందుకు సగం ఫీజు పోయింది. మా సంతకం ఉన్న ఆ కాయితంల మాకు ఒక్క దిర్హాము కూడా పోలేదు. ఆ పిల్లగాడు కాంట్రాక్టు అయిపోంగనే ఇంటికి పోయిండు. పోయేనాడు రూం దాక వచ్చి చెప్పి పోయిండు, ఆ ముచ్చట ఎత్తలేదు.

మొన్న మంగళవారం ఇంకో కాయితం వచ్చింది. షట్టరింగ్ కార్పెంటర్ బెల్టు హుక్కు తగిలించకుండ పైకి ఎక్కిండని. ఎక్కింది నిజమే. పొద్దుగూకక ముందే కాంక్రీటు పోయాలె, జల్దీ ఎక్కు అన్నది ఎవరంటే మేమే. సాక్షి సంతకం దగ్గర ఆ మాట కూడా రాసి, పక్కన మా ఐడీ నంబర్ వేసి ఇచ్చినం. సేఫ్టీ ఆఫీసర్ చదివి, "ఇది ఎందుకు రాసినవ్?" అన్నడు. కాయితం వాపస్ ఇస్తడేమో అనుకున్నం, ఇయ్యలేదు. ఫైల్ల పెట్టుకున్నడు. ఇయ్యాటికి నాలుగు రోజులు, ఆఫీసు నుంచి ఇంకా పిలుపు రాలేదు.

ఆమ్రే ముచ్చట మీద జగిత్యాల బావ ఇంకా ఒప్పుకుంటలేడు. మీకు ఏమనిపిస్తదో కింద రాయండి, ఆయనకు చదివి వినిపిస్తం. పొద్దున నాలుగున్నరకు బస్సు, ఉంటం.